అరవై ఆరు అడుగుల దారి

వెర్నా పావ్లిష్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా మునిసిపాలిటీ ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా మీటింగుల మినిట్స్ రాసేదాన్ని నేనే. అందులో నన్ను రాయనివ్వని మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని ఇక్కడ రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని ఏడాది ఆగి చూశాను. చల్లారే రకం కాదని తేలింది.

మా విల్లో స్లూ పేరుకే మునిసిపాలిటీ, అంతా పొలాలే, మూడొందల ఇరవై నాలుగు చదరపు మైళ్లు. అందులో ఉన్న జనం రెండొందల పన్నెండుమంది. ఒక ఇంటి దీపం ఇంకో ఇంటికి కనబడదు. ఇంత తక్కువమంది ఉన్నచోట తగువులు పెట్టుకోవడం కుదరదు. ఇవాళ తగువు పడితే రేపు మంచులో బండి దిగబడినప్పుడు లాగడానికి ఎవరొస్తారు? అందుకని అందరం అందరితోనూ మంచిగా ఉంటాం. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

వెర్నా మా గ్రేడర్ డ్రైవరు. ఇరవై ఏడేళ్లపాటు ఈ కంకర రోడ్లన్నీ చదును చేసింది, చలికాలం వాటి మీది మంచు తోసింది. పుట్టింది ఈశాన్యం మూలన, తాతలనాడు ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లింట్లో. తండ్రి స్టెఫాన్, తల్లి ఫ్రోజీనా. వెర్నా కంటే ముందు లెస్యా అని ఒక ఆడపిల్ల ఉండేది. పోలియో పాకిన ఏడాది నాలుగేళ్ల వయసులో పోయింది. వెర్నా ఆ అక్కను చూడనే లేదు, అయినా ఆ ఇంట్లో లెస్యా మాట రాని రోజు ఉండేది కాదట.

వెర్నాకు పెళ్లయింది కూడా. మొగుడు వెల్డింగు పనివాడు. అల్బర్టాలో నూనె బావుల దగ్గర పని దొరికిందని వెళ్లాడు. "క్రిస్మస్‌కి వస్తానన్నాడు. ఏ క్రిస్మసో చెప్పలేదు" అనేది వెర్నా. అంతకుమించి అతని గురించి ఆమె నోట మాట వినలేదు.

గ్రేడర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్లు. అప్పటికి నేనింకా ఆఫీసులో చేరలేదు గాని ఆ మీటింగు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. కౌన్సిల్లో ఒకాయన నవ్వుతూ అడిగాడట:

"ఆ బండికి ఎన్ని మీటలుంటాయో తెలుసా అమ్మాయ్?"

"తెలీదండీ. మీకు తెలుసా?"

"వెన్ను విరుగుతుంది, ఆడమనిషివి."

"పోయిన మార్చిలో మీ ఆవు దూడ అడ్డం తిరిగితే తెల్లారేదాకా లాగింది ఎవరి వెన్నండీ? అప్పుడు ఆడమనిషినని గుర్తు రాలేదా?"

నెలరోజులు చేసి చూపించమన్నారు. నెల తిరిగాక అప్పటి సర్పంచి కప్పు నిండా కాఫీ పోసి, తన ట్రక్కులో అద్దం ముందు పెట్టి, ఆమె చదును చేసిన రోడ్డు మీద ఆరు మైళ్లు నడిపాడు. చుక్క ఒలకలేదు. ఉద్యోగం ఖాయమైంది.

ఆమె పనిలో ఒక మర్యాద ఉండేది. మంచు తోసుకుంటూ పోతున్నప్పుడు పక్కకి పడే మంచు గట్టు ఇళ్ల గేట్లకు అడ్డంగా పడుతుంది. వేరే చోట్ల డ్రైవర్లు దాన్ని పట్టించుకోరు, ఇంటివాళ్లే పారలతో తోడుకోవాలి. వెర్నా ప్రతి గేటు దగ్గరా బండి నెమ్మది చేసి, మంచు తోసే ఇనుప బ్లేడు ఎత్తి, దాటాక మళ్లీ దించేది. మనుషులు వదిలేసి వెళ్లిన ఇళ్ల గేట్ల దగ్గర కూడా అంతే. "గేటంటే గేటే గదా" అనేది. ఒకరి దారికి అడ్డం పడకూడదని అంత పట్టింపు ఉన్న మనిషి. ఆ పట్టింపునే ఒకడు వాడుకున్నాడు.

ఆ ఒకడు మా సర్పంచి లైల్ బెర్గ్‌స్ట్రోమ్. పద్నాలుగు వేల ఎకరాలు సాగు చేస్తాడు. అందులో సగం మా అందరి దగ్గరా కౌలుకు తీసుకున్నదే, మా నాన్న వదిలిన పొలంతో సహా. లైల్ చెడ్డవాడని రాసి చేతులు దులుపుకోవచ్చు, కాని అది నిజం కాదు. మా అమ్మ తుంటి విరిగినప్పుడు గాలివానలాంటి మంచులో అరవై మైళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లింది అతనే. ఇలాంటి ఉపకారం ప్రతి ఇంటికీ ఒకటి చేసి ఉంటాడు. అందుకే అతని ముందు ఎవరికీ నోరు పెగలదు.

పదకొండేళ్ల కిందట ఒక ఉదయం షెడ్డులో కాఫీ తాగుతూ లైల్ వెర్నాతో అన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, డీజిలు రసీదుల కోసం వెళ్లి.

"ఆ తూర్పు మైలు ఎందుకు తోస్తావు వెర్నా, దండగ. దాని చివర ఎవరున్నారని?"

"మా నాన్నున్నాడు. మా అక్కుంది."

"అబ్బా, అది కాదు. స్మశానానికి ఏడాదికి ఎన్నిసార్లు పోతారు? అక్కడి చర్చినే ఎత్తి పట్నం మ్యూజియానికి పట్టుకుపోయారు గదా. మీకెప్పుడు కావాలంటే అప్పుడు నా చేను మీంచి పొండి. నేనొద్దంటానా?"

"అలాగే లైల్," అంది వెర్నా.

అంతే. తీర్మానం లేదు, నోటీసు లేదు, ఓటు లేదు. కాఫీ కప్పు కడిగినంత సేపట్లో ఒక రోడ్డు పోయింది. మొదటి ఏడు దాని మీద గడ్డి లేచింది. రెండో ఏడు లైల్ దాన్ని దున్నాడు. మూడో ఏడు నూనెగింజల పంట కనోలా చల్లాడు, పసుపు పచ్చటి పూలు ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే చేనుగా పూశాయి. మ్యాపులో మాత్రం ఆ దారి అలాగే ఉంది. పొలాలు కొలిచి పంచినవాళ్లు మైలు మైలుకీ అరవై ఆరు అడుగుల వెడల్పు జనానికని వదిలారు. కంకర పోసినా పోయకపోయినా అది దారే, ఎవడి పొలమూ కాదు. ఆ మ్యాపు నా కుర్చీ వెనక గోడకు వేలాడుతూ ఉంటుంది. నేను ప్రతి రోజూ దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఈ కోపంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

ఫ్రోజీనా ముసలమ్మ అప్పటికే పట్నంలో వృద్ధుల ఆస్పత్రిలో చేరింది. ఈస్టర్ తర్వాత ఆదివారం సమాధుల దగ్గరికి వెళ్లి, రొట్టె పెట్టి, ఫాదర్ చేత దీవెన చదివించడం వాళ్లలో ఆచారం. మొదటి రెండేళ్లు వెర్నా ఒకసారి గడ్డిలో, ఒకసారి దున్నిన మట్టిలో నడిచి వెళ్లింది. తరవాత మోకాలు మొరాయించింది. ఫాదర్ బోదాన్ పట్నం చర్చిలోనే పోయినవాళ్ల పేర్లు చదివేవాడు. ముసలమ్మకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. ఒకసారి నేను వెర్నాతో కలిసి చూడటానికి వెళ్లినప్పుడు ఆ తల్లీకూతుళ్ల మాటలు విన్నాను.

"గడ్డి కోశావుటే?"

"కోశానమ్మా."

"లెస్యా సిలువకి రంగేశావా?"

"వేశాను. నీలం."

"నా చోటు జాగ్రత్తగా ఉంచావు గదా? మీ నాన్నకీ దానికీ మధ్య. ఎవర్నీ పెట్టనియ్యకు అక్కడ. మీ నాన్న పక్కకి తిరిగి పడుకుంటే పిల్ల ఒక్కతే ఉంటుంది."

"ఉంచానమ్మా. నీ చోటెవరు తీసుకుంటారు?"

బయటికొచ్చాక కారులో వెర్నా స్టీరింగు పట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది.

సెప్టెంబరు రెండో ఆదివారం ముసలమ్మ పోయింది. తొంభై ఒక్క ఏళ్లు. శనివారం మట్టి చెయ్యాలని ఫాదర్ చెప్పాడు. వెర్నా సోమవారం లైల్‌కి ఫోన్ చేసింది. కోతల రోజులు, తీరిక లేదు, మంగళవారం ఎలాగూ మీటింగుంది అక్కడ మాట్లాడదామన్నాడు.

మంగళవారం ఆమె ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి గోడపక్క కుర్చీలో కూర్చుంది. ఇరవై ఏడేళ్లలో ఆమె కౌన్సిల్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి. బల్ల చుట్టూ ఆరుగురు సభ్యులు, పైన లైల్.

"స్మశానం దారి కావాలి, శనివారానికి," అంది. "శవపేటిక బండి పోవాలి. గ్రేడరుతో ఒకసారి పోయి వస్తే చాలు."

ఒకళ్లు కిటికీలోంచి ఆకాశం చూశారు. ఒకళ్లు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టారు. పట్నం స్మశానంలో పచ్చిక బాగా పెంచుతున్నారు, పూలు కూడా వేశారు, అక్కడైతే హాయిగా ఉంటుంది కదా అని ఒకావిడ సలహా ఇచ్చింది. వెర్నా ఆవిడవైపు చూడను కూడా చూడలేదు.

లైల్ నచ్చచెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు. "చూడు వెర్నా, చేను పండి ఉంది. ఇప్పుడు కాయ ముట్టుకుంటే పగిలిపోతుంది, గింజంతా నేలపాలు. మూడు వారాలాగు. కోత అయ్యాక నేనే స్వయంగా దారి తొక్కిస్తాను. పట్నంలో ఫ్రీజరుంది గదా." అని అందరివైపూ ఒకసారి చూసి, "అయినా ఆవిడకిప్పుడు తొందరేముంది?" అన్నాడు.

సభ్యుల్లో ఒకడు, ఏల్మర్ ఫ్రీసెన్, కిసుక్కున నవ్వాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. అతని గేటు దగ్గర వెర్నా ఇరవై ఏడు చలికాలాలు బ్లేడు ఎత్తింది. నవ్వు బయటికొచ్చాక దగ్గుతో దాన్ని కప్పుకోబోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా రాసుకుంటూ పోయాను. లేచి నిలబడి ఒక్క మాట అనలేదు. ఈ సంగతి దాచుకుని లాభం లేదు.

వెర్నా లేచింది. "నీ చేను కాదది లైల్. అది రోడ్డు."

"పదేళ్లుగా దాని మీద బండి పోలేదు. నువ్వే గదా మానేశావు. బ్లేడు ఎత్తింది నువ్వా నేనా?"

ఆ మాటకు ఆమె ముఖం కందిపోయింది. "నేనే," అంది. టోపీ పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు బుధవారం. ఆరున్నరకల్లా ఆఫీసు తలుపు తీశాను, నిద్ర పట్టక. ఏడు గంటలకి రేడియో గరగరలాడింది.

"ఇర్మా, ఉన్నావా?"

"ఉన్నా వెర్నా."

"ఇవాళ్టి పని రాసుకో. తూర్పు మైలు. ఏడు గంటలకి బ్లేడు దించాను."

రాశాను. నా దస్తూరీ ఎప్పుడూ లేనంత బాగా వచ్చింది. ఏడున్నరకి లైల్ ఫోన్. హలో కూడా లేదు.

"దాన్ని వెనక్కి పిలువు!"

"ఎవర్ని?"

"ఆటలాడకు ఇర్మా. నా చేలో గ్రేడరుంది!"

"నీ చేలో లేదు. మునిసిపాలిటీ రోడ్డు మీద మునిసిపాలిటీ బండి మునిసిపాలిటీ పని చేస్తోంది. మ్యాపు నా వెనకే ఉంది, కావాలంటే వచ్చి చూసుకో."

పందొమ్మిదేళ్లలో అతనితో నేనలా మాట్లాడటం అదే మొదలు. ఫోన్ పెట్టేసి, ఆఫీసుకి తాళం వేసి, మ్యాపు గోడ మీంచి పీకి చుట్టి కారులో పడేసుకుని బయలుదేరాను.

నేను వెళ్లేసరికి పసుపురంగు గ్రేడరు చేనులోకి మూడువందల గజాలు పోయి ఆగి ఉంది. వెర్నా రోడ్డు మూల దగ్గర పారతో తవ్వుతోంది. మోకాలి లోతు తవ్వాక పార ఠంగుమంది. సర్వే వాళ్లు పాతిన ఇనుప గుంజ, తల మీద అంకెలు చెక్కి ఉన్నాయి. ఆమె దాని మీది మట్టిని చేత్తో తుడిచింది.

"మనూరి రోడ్లన్నీ కళ్లు మూసుకుని పోగలను," అంది. "ఈ ఒక్కటీ గీత తప్పకూడదు. ఒక్క అడుగు అవతల పడ్డా ఆయన పొలం తొక్కానంటాడు. ఇదిగో, ఈ గుంజ మీద నిలబడి చెయ్యి పైకెత్తు. అద్దంలో నిన్ను చూసుకుంటూ పోతాను."

నిలబడ్డాను. చెయ్యెత్తాను. గ్రేడరు కదిలింది. ఎండిన కనోలా కాయలు పటపట పగిలి, నల్లటి గింజలు వానలా రాలాయి. ఆమె ఒక్క బ్లేడు వెడల్పే తీసుకుంది, పద్నాలుగడుగులు. చట్టం ఆమెకు అరవై ఆరు ఇచ్చింది. తల్లిని తీసుకెళ్లడానికి ఎంత కావాలో అంతే తీసుకుంది. తొక్కిన పంట చూస్తే నాకు బాధ కలగలేదని అబద్ధం చెప్పను, రైతు కూతుర్ని. బాధ కలిగింది, దాని వెనకే లైల్ మీద ఇంకా కోపం వచ్చింది, ఈ పని చెయ్యాల్సిన గతి ఆమెకు పట్టించినందుకు.

లైల్ ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. నా పక్కనుంచే చేనులోకి తిరిగి, తన పంటని తనే తొక్కుకుంటూ గ్రేడరుని దాటి, సరిగ్గా దాని ముందు అడ్డంగా ఆగింది. నేను చెయ్యి దించి పరిగెత్తాను.

"ఇర్మా! నువ్వూనా?" అన్నాడు నన్ను చూసి. "మీ అమ్మని నేను..."

"తెలుసు. మర్చిపోలేదు. అది వేరే, ఇది వేరే."

వెర్నా ఇంజను ఆపకుండానే కిందికి దిగింది.

"ట్రక్కు తియ్యి లైల్."

"తియ్యను. ఏం చేస్తావు, తొక్కిస్తావా? పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. మ్యాపు తెచ్చింది ఇర్మా, వాళ్లకి చూపిద్దాం."

"నువ్వే బ్లేడు ఎత్తావు!"

"ఎత్తాను. నా తప్పే. ఏళ్ల తరబడి మా అమ్మకి అబద్ధాలు చెప్పాను, గడ్డి కోశానని, రంగేశానని. నువ్వు బాధపడతావని నిన్ను కాదనలేదు, ఆవిడ బాధపడుతుందని నిజం చెప్పలేదు. ఇక చాలు. ఎత్తింది నేనే కాబట్టి దించేది కూడా నేనే."

"ఒక్క ముసలమ్మ కోసం ఇంత రాద్ధాంతమా?"

ఆ మాటకి వెర్నా అతన్ని కొడుతుందనుకున్నాను. కొడితే చూసి సంతోషించేదాన్ని. ఆమె ట్రక్కు ఈ చివర నుంచి ఆ చివరిదాకా అడుగులు వేసి కొలిచింది.

"నీ ట్రక్కు అడ్డంగా పెడితే ఇరవై అడుగులు," అంది. "నాకు అరవై ఆరున్నాయి."

ఎక్కి కూర్చుంది. గ్రేడరుని కొంచెం వెనక్కి తీసి, బ్లేడు తిప్పి, ట్రక్కు ముందు బంపరుకు జానెడు దూరంలోంచి చుట్టూ తిరిగి, అటు పక్కన మళ్లీ తన గీత అందుకుంది. లైల్ ట్రక్కు తలుపు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. మా మునిసిపాలిటీలో రోడ్లన్నీ బద్ద పెట్టి గీసినట్టుంటాయి. వంపు ఉన్నది ఆ ఒక్క రోడ్డుకే, ఆ ఒక్క చోటే. పంతానికి పోయి లైల్ శనివారం దాకా ట్రక్కు అక్కణ్ణించి తియ్యలేదు. భార్య కారులో వచ్చి ఇంటికి తీసుకెళ్లింది.

తరవాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. చివర్లో దానికి చోటివ్వడం నాకిష్టం లేదు. పదిరోజులకి కౌన్సిల్ కూర్చుని, నలుగురు అటు ఇద్దరు ఇటుగా, వెర్నాని ఉద్యోగంలోంచి తీసేసింది. ఏల్మర్ నేల చూస్తూ ఆ నలుగురితోనే చెయ్యెత్తాడు. రోడ్డుని మాత్రం మ్యాపులోంచి తియ్యలేకపోయారు, చట్టం ఒప్పుకోదు. మంగళవారం మీటింగులో లైల్ అన్న మాట, "ఆవిడకిప్పుడు తొందరేముంది" అన్నది, మినిట్స్‌లో ఉండాలన్నాను. అది సరదాకి అన్నదన్నారు, కొట్టెయ్యమన్నారు. కొట్టేశాను. అందుకే ఇది రాస్తున్నాను. వెర్నాని పక్క మునిసిపాలిటీవాళ్లు మర్నాడే పిలిచి పనిచ్చారు. మా రోడ్ల మీద ఇప్పుడు కాఫీ తాగాలంటే బండి ఆపుకోవాలి.

ఇక శుక్రవారం సంగతి. మాలో గొయ్యి పొరుగువాళ్లే పారలతో తవ్వుతారు. వెర్నా, నేను, ఇద్దరు పొరుగు రైతులు వెళ్లాం. మా వెనకే ఏల్మర్ కూడా పార భుజాన వేసుకుని వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. పలకరింపు కోసం చూడకుండా అతనూ ఒక పక్కన నిలబడ్డాడు.

స్మశానం ఒక ఎకరం ఉంటుంది. మూడు వైపులా ముళ్లపొదలు ఏపుగా అల్లుకుపోయాయి. నాలుగో వైపు, పడమట, కంచె ఉండాలి. లేదు. గుంజలు లేవు, తీగ లేదు. కనోలా చేను నేరుగా లోపలికి నడిచొచ్చింది. స్టెఫాన్ సిలువ దగ్గర నుంచి ఒకటిన్నర అడుగు వెయ్యగానే చేను.

వెర్నా తన తండ్రి సిలువకి వీపు ఆనించి నిలబడింది. అక్కణ్ణించి పడమటికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. మూడు అడుగులు, అమ్మ చోటు. ఇంకో మూడు అడుగులు, లెస్యా. నడుము ఎత్తు కనోలాలో నిలబడి ఆమె చుట్టూ చూసింది. ఆ వరసలో అటుపైన ఇంకా పిల్లల గోతులు నాలుగో అయిదో ఉండాలి. అన్నీ ఒకే చేను, బాగా కాసిన చేను.

ఏల్మర్ వంగి మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మొక్కనే వేళ్లతో సహా పీకి పక్కన పేర్చాడు. కాసేపటికి అతని చేతికి ఇనుప ముక్క తగిలింది. సిలువే, నాగలి తగిలి వంగిపోయింది. తుప్పు కింద ఒక పక్కన కొంచెం నీలం రంగు మిగిలుంది. దాన్ని ప్యాంటుకి తుడిచి వెర్నా చేతిలో పెట్టి, "నవ్వకుండా ఉండాల్సింది నేను," అన్నాడు.

"ఆఁ. ఉండాల్సింది," అంది వెర్నా. ఊరడించలేదు. ఊరడించనందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

పొరుగు రైతుల్లో ఒకతను గొంతు సవరించుకున్నాడు. "గొయ్యి ఇటు, మీ నాన్న తలవైపు, ఖాళీగా ఉన్నచోట తవ్వుదామా వెర్నా? ఇక్కడైతే మళ్లీ లైల్‌తో..."

"ఇక్కడే," అంది. "మా అమ్మ చెప్పిన చోటే." పారతో చేనులో గీత గీసింది.

శనివారం మధ్యాహ్నం నూట నలభైమంది దాకా వచ్చారు. మా మునిసిపాలిటీవాళ్లే కాదు, చుట్టుపక్కల నుంచీ వచ్చారు. బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి కొత్త దారిలో దిగి, లైల్ ట్రక్కు దగ్గర చుట్టు తిరిగి, మళ్లీ తిన్నగా అయ్యాయి. ఫాదర్ బోదాన్ ధూపం పట్టుకుని ముందు నడిచాడు. వాళ్ల పాటలో ఎప్పటికీ మరిచిపోము అని మూడుసార్లు వస్తుంది. మూడోసారికి ఆడవాళ్ల గొంతులు బొంగురుపోయాయి.

లైల్ కూడా వచ్చాడు. మాలో చావుకి రాకపోవడమంటూ ఉండదు, ఎంత పగైనా. నల్లకోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, అందరికంటే వెనక, ముళ్లపొద పక్కన నిలబడ్డాడు. గొయ్యి ఎక్కడ తవ్వారో అప్పుడే చూసినట్టున్నాడు. తన చేను కొసని చూశాడు, పీకి పేర్చిన మొక్కల్ని చూశాడు, నిటారుగా కొట్టి మళ్లీ పాతిన ఆ చిన్న ఇనుప సిలువని చూశాడు. అది ఏమిటని అడగబోయి పక్కవాళ్ల ముఖాలు చూసి మానేశాడు. ఎవరూ అతనికి చెప్పలేదు. సిలువ మీద పేరు లేకపోయినా, ఎంత చిన్నదో కనబడుతూనే ఉంది.

పేటిక దించారు. ఫాదర్ మొదటి పిడికెడు వేశాడు. తరవాత వెర్నా. తరవాత మేమందరం వరసగా. ఏల్మర్ వేసి, కళ్లు తుడుచుకుంటూ పక్కకి జరిగాడు. వరస అయిపోయింది. లైల్ ఇంకా పొద దగ్గరే ఉన్నాడు, కాలు ఒకటి వెనక్కి పెట్టి.

"లైల్," అంది వెర్నా.

గొంతు పెంచలేదు. నూట నలభైమందీ తలలు తిప్పారు.

"రా. మట్టి వెయ్యి. నీదేనన్నావుగా."

అతను వచ్చాడు. రాక తప్పదు గనక వచ్చాడు. గొయ్యి పక్కన పోసిన కుప్పలోంచి పిడికెడు మట్టి తీసుకున్నాడు. అందులో కనోలా గింజలు కలిసున్నాయి, కొత్తవి, నల్లగా మెరుస్తున్నాయి. వాటిని చూస్తూ నిలబడిపోయాడు. ఎవరూ కదల్లేదు, ఎవరూ అతనికి సాయం రాలేదు. అతని చెయ్యి తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది.